పదికి ఆరు వేసుకున్న పిల్ల

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. మాది ఒడిశాలోని గుణుపురం. మా ఆయన రాయగడలో పని చేస్తారు, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లారగట్ల వెళ్లిపోతారు. మాకు ఒక్కతే పాప, పదేళ్లు, ఇంగ్లీషు మీడియంలో ఐదో తరగతి. మా అమ్మ మా దగ్గరే ఉంటుంది, పాపా తనూ ఒకే గదిలో పడుకుంటారు. పోయిన నెల బడిలో పిల్లలందరికీ ఒక ఫారం ఇచ్చారు. మొత్తం మీద నీ జీవితంలో నువ్వు ఎంత సంతోషంగా ఉన్నావో సున్నా నుంచి పది లోపల ఒక అంకెకి సున్నా చుట్టమన్నారు. మా పాప ఆరుకి చుట్టింది. సంతకం కోసం అది ఇంటికి వస్తే చూసి నాకు గుండె జారిపోయింది. ఆయనకి ఫోన్ చేస్తే నవ్వేసి, ఆరంటే ఫస్ట్ క్లాసే కదే అన్నారు. మిగతా నాలుగు ఎందుకు కట్ చేశావే అని పాపని అడిగితే చెప్పకుండా ఏడ్చింది. రాత్రి రఫ్ నోటులో కాగితం చింపి రాసి నా దిండు కింద పెట్టింది. మాటలు తెలుగే, అక్షరాలు మాత్రం ఒడియా. "ఒకటి ఆదివారం ట్యూషన్. ఒకటి నా చిన్న సైకిల్ నన్ను అడక్కుండా ఇచ్చేశారు. ఒకటి నా బెంచీ అమ్మాయి మాట్లాడట్లేదు. ఒకటి అమ్మమ్మ దగ్గు." అంతే. ట్యూషన్ తన మంచికే కదండీ. ఆ సైకిల్ చిన్నదైపోయిందనే మా మరిది కొడుక్కి ఇచ్చాం, ఏడు వేలు పెట్టి కొత్తది కొన్నాం. ట్యాబ్ ఉంది, ఏది అడిగితే అది ఉంది. మేం దేనికి లోటు చేశాం? పక్కింటి అమ్మాయి పదికి పది వేసుకుందట. కౌన్సెలర్‌కి చూపించమంటారా?

సమాధానం:

అమ్మా, ఆ రఫ్ నోటు కాగితం జాగ్రత్తగా దాచండి. బడివాళ్ల ఫారం పోయినా ఫరవాలేదు గానీ ఇది పోకూడదు. ముప్పై రెండేళ్లు పర్లాకిమిడి చుట్టుపక్కల పిల్లల రాతలు దిద్దినదాన్ని, ఇంత నిజాయితీగా ఇంత పొదుపుగా రాసిన కాగితం నా చేతికి చాలా తక్కువసార్లు వచ్చింది. పైగా తెలుగు మాటకి ఒడియా అక్షరం తొడగడం! మన సరిహద్దు పిల్లలకి తప్ప ఇంకెవరికి వస్తుంది ఈ విద్య. మా మనవడూ ఇంతే, వాళ్ల తాతకి పుట్టినరోజు చీటీ అలాగే రాసిచ్చాడు, ఆయన కళ్లజోడు పెట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూసి చివరికి నువ్వే చదివి పెట్టరా అని వాడి చేతికే ఇచ్చారు.

సరే, ముందు ఆరు సంగతి. మీరు భయపడ్డారు, మీ ఆయన నవ్వారు, కానీ ఇద్దరూ దాన్ని మార్కు అనే అనుకున్నారు. మీ పాప కూడా పాపం అలాగే అనుకుని, ఎందుకు కట్ చేశావని మీరు అడిగేసరికి టీచరు లెక్క చెప్పినట్టు ఒక్కొక్కదానికి ఒక్కొక్కటి తీసి చూపించింది. ఈ సున్నా నుంచి పది ప్రశ్న మీ బడివాళ్లు కనిపెట్టిందేం కాదు. చిల్డ్రన్స్ వరల్డ్స్ అని ఒక అంతర్జాతీయ సర్వే ఉంది, ఎనిమిది, పది, పన్నెండేళ్ల పిల్లలనే నేరుగా అడుగుతారు, వాళ్ల గురించి తల్లిదండ్రులని అడగరు. 2016 నుంచి 2019 దాకా జరిగిన మూడో విడతలో 35 దేశాల నుంచి లక్షా 28 వేల మందికి పైగా పిల్లలు జవాబు చెప్పారు, మన దేశం పిల్లలు కూడా అందులో ఉన్నారు. ఎక్కువమంది పిల్లలు పై అంకెలకే చుడతారు. కాబట్టి మీ పాప ఆరు కాస్త తక్కువే, మీ మనసు కుదుటపడాలని నేను అబద్ధం చెప్పను. ఇంకో సంగతి కూడా ఉంది, చాలా దేశాల్లో పదేళ్లవాళ్ల కంటే పన్నెండేళ్లవాళ్లు తక్కువ వేసుకున్నారు, అంటే వయసు వచ్చేకొద్దీ అంకె కాస్త కిందికి దిగుతుంది. కానీ వేలమంది పిల్లల్ని కలిపి చూడటానికి పెట్టుకున్న కొలబద్దతో ఒక్క పిల్లని, ఒక్క రోజు, అదీ పీటీ పీరియడ్ ఎగ్గొట్టి ఫారాలు నింపించిన రోజేమో తెలీదు, కొలిచి ఆ కొలతకి మీరు రాత్రంతా నిద్రపోకపోతే ఎలా. పక్కింటి అమ్మాయి పది సంగతి అసలు వదిలెయ్యండి. పది వేస్తే ఇంట్లో ఎవరూ ఏమీ అడగరని కొందరు పిల్లలకి బాగా తెలుసు. ఒకసారి మా మనవణ్ణి ఇలాగే అడిగి చూశాను, వాడు బంతి చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి, "అమ్మమ్మా, పది అంటే పోనిస్తావా?" అన్నాడు.

మీరు రాసిన ఆ ఒక్క ప్రశ్న ఉంది చూడండి, "మేం దేనికి లోటు చేశాం" అని. నాకు వచ్చే ఉత్తరాల్లో సగం అక్కడికే వచ్చి ఆగుతాయి. సంతోషం అనేది మనం కొని తెచ్చి గిన్నెలో పోసేది, పిల్ల తాగితే కడుపు నిండుతుంది, నిండకపోతే మనం తక్కువ పోశాం, ఇదీ మన లెక్క. పిల్లల లెక్క ఇలా ఉండదు. ఎలా ఉంటుందో నాకు ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ల దాకా తెలీదు, తెలిసింది కూడా ఒక తప్పు చేశాకే.

తిత్లీ తుఫాను మీకు గుర్తుండే ఉంటుంది, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాని చితక్కొట్టి పోయింది. కొండ ఊళ్లలో కొండచరియలు విరిగి మనుషులు పోయారు, మా ఊళ్లో చెట్టు లేని వీధి లేదు, ఉన్న చెట్టు నిలబడి లేదు, కరెంటు రోజుల తరబడి లేదు. బడులు తెరిచాక నేను ఐదో తరగతి పిల్లలకి తుఫాను గురించి రాయమన్నాను. ఒక పిల్లాడు ఇలా రాశాడు, నాకు దాదాపు మాట పొల్లు పోకుండా గుర్తు. "చాలా భయం వేసింది. మా రేకులు ఎగిరిపోయాయి. నాలుగు రాత్రులు అందరం పెద్దమ్మగారి గదిలో పడుకున్నాం. నాన్న కథ చెప్పాడు. నాన్నకి కథలు వచ్చని నాకు తెలీదు. మళ్లీ తుఫాను వస్తే బాగుణ్ణు, కానీ రేకులు ఎగరకూడదు." నాకు ఒళ్లు మండింది. ఊళ్లో జనం తిండికి, తాగే నీళ్లకి అల్లాడుతుంటే మళ్లీ రావాలంటాడేమిటి వీడు అని ఎర్ర సిరాతో చివరి వాక్యం కొట్టేశాను. వాడు ఆ నోటుబుక్కు వంక చూసి మూసేశాడు, ఏమీ అనలేదు. ఇంటికి వెళ్లి వంట చేస్తుంటే బుర్రకి ఎక్కింది, వాడు తుఫానుని మెచ్చుకోలేదు, భయాన్నీ రేకుల్నీ ముందే రాసి పెట్టాడు. భయం పక్కనే వాడికి ఇంకోటి కూడా దొరికింది, దాన్ని దాచకుండా రాశాడు, నేను కొట్టేశాను.

ఐదారేళ్ల పిల్లని ఒకేసారి సంతోషమూ బాధా ఉంటాయా అంటే ఉండవనే అంటుంది, ఒకటి పోయాకే ఇంకోటి వస్తుందంటుంది. పదేళ్ల దగ్గరికి వచ్చేసరికి రెండూ ఒకే కడుపులో ఉండగలవని తెలుస్తుంది. మీ పాపది ఆ వయసే. కాబట్టి ఆరు వేసిన పిల్ల ఏడుపుగొట్టుది అనుకోకండి, పదికి సరిపడా నవ్వే పిల్లే నాలుగు సంగతులు మర్చిపోకుండా ఉండి ఉండొచ్చు.

ఇంకో మాట చెప్పాలి, ఇది మాటల గురించే. ఒక ఏడాది మా క్లాసులో పిల్లల్ని మీకు ఎప్పుడు సంతోషంగా ఉంటుందర్రా అని అడిగాను. చేతులన్నీ లేచాయి. రథయాత్రకి, బర్త్‌డేకి, ఇండియా గెలిస్తే, గుప్‌చుప్ తింటే, ఫస్టు వస్తే. అన్నీ అరిచే జవాబులే. మర్నాడు అదే పిల్లల్ని, మీకు హాయిగా ఎప్పుడు ఉంటుంది అని అడిగాను. చాలాసేపు ఎవరూ చెయ్యి ఎత్తలేదు. తర్వాత మెల్లిగా మొదలుపెట్టారు. జ్వరం తగ్గాక ఇంకో రోజు బడికి పంపకపోతే అని ఒకడు. నాన్న బండి చప్పుడు వినిపించాక అని ఒకమ్మాయి. ఇంకో పిల్ల, ఎప్పుడూ నోరు విప్పదు, అమ్మా నాన్నా పక్క గదిలో చిన్నగా మాట్లాడుకుంటుంటే నాకు నిద్ర పట్టేటప్పుడు అంది. గట్టిగా అని కాదు టీచర్, చిన్నగా, అని మళ్లీ చెప్పింది. ఆ పిల్లలే, ఆ గదే, మాట ఒక్కటి మారింది. మీ బడి ఫారంలో ఇంగ్లీషులో ఏ మాట ఉందో గానీ మీ పాప దాన్ని బుర్రలో ఏ తెలుగు మాటగా, ఏ ఒడియా మాటగా మార్చుకుని ఆరు చుట్టిందో మనకి తెలీదు. ఇంట్లో తెలుగు, ఆటల్లో ఒడియా, ట్యూషన్లో ఇంగ్లీషు, ట్యాబులో హిందీ, ఇన్నింటి మధ్య పెరిగే పిల్లని ఏ మాటతో అడిగామన్నది చిన్న సంగతి కాదు. పాతకాలం ఉత్తరాల్లో రాసేవాళ్లం కదా, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీ క్షేమం తెలియజేయగలరు అని. నాకైతే ఆ ఫారంవాళ్లు అడగదలచుకున్నది ఆ క్షేమమే అనిపిస్తుంది. అది ఏ ఒక్కరి క్షేమమో కాదు, ఇంటిల్లిపాదిదీ. మీ పాప కాగితంలో అమ్మమ్మ దగ్గు ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలుస్తోందా? దాని దగ్గరికి చివర్లో వస్తాను.

పిల్లల్నే అడిగి తెలుసుకోవడం అనే పని మనకి మరీ దూరంగానూ జరగలేదు. యంగ్ లైవ్స్ అని ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పరిశోధన ఒకటి 2002 నుంచి నడిచింది, ఇథియోపియా, పెరూ, వియత్నాంతో పాటు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో. మనకి పొరుగునున్న శ్రీకాకుళం జిల్లా కూడా అందులో ఉంది. ఇండియాలో మూడు వేల మంది పిల్లల్ని ఏళ్ల తరబడి వెంట ఉండి చూశారు. వాళ్లు వాడిన పద్ధతి నాకు నచ్చింది, నువ్వు సంతోషంగా ఉన్నావా అని మొహం మీద అడగరు, మీ ఊళ్లో నీ ఈడు పిల్లల్లో బాగా ఉన్న పిల్ల ఎలా ఉంటుందో, బాగోలేని పిల్ల ఎలా ఉంటుందో బొమ్మ గీసి చెప్పమంటారు. వేరే పిల్ల బొమ్మ కాబట్టి దాచుకోవాల్సిన పని ఉండదు. మీరు కూడా ఒకసారి చేసి చూడండి, రెండు కాగితాలు, నాలుగు స్కెచ్ పెన్నులు చాలు. మధ్యలో నోరు మాత్రం పెట్టకండి.

డబ్బుతో సంతోషం రాదు, పిల్లలకి ప్రేమ ఉంటే చాలు అనే కబుర్లు నేను చెప్పను. ఆ మాట కడుపు నిండినవాళ్లే ఎక్కువ అంటుంటారు. యూనిఫాం చిరిగితే, ఫీజు కట్టలేదని క్లాసులో పేరు పిలిస్తే, పిల్లలకి ఎంత చిన్నతనంగా ఉంటుందో నేను కళ్లారా చూశాను. అందరి దగ్గరా ఉన్నది తన దగ్గర లేకపోవడం వాళ్లకి నిజమైన బాధే. కానీ మీ ఇంట్లో ఆ గొడవ లేదు. 2011లో యునిసెఫ్ వాళ్లు బ్రిటన్, స్పెయిన్, స్వీడన్ పిల్లలతో మాట్లాడించి ఒక నివేదిక వేశారు. మీకు ఏం కావాలంటే మూడు దేశాల పిల్లలూ ఇంట్లోవాళ్లతో గడిపే టైమ్, స్నేహితులు, బయట చెయ్యడానికి ఏదో ఒక పని అన్నారు. బ్రిటన్‌లో తల్లిదండ్రులు మాత్రం టైమ్ ఇవ్వలేక ఆ గిల్టుకి వస్తువులు కొనిచ్చి ఊరుకుంటున్నారని తేలింది. వారానికి ఒక్కరోజు ఇంటికొచ్చే తండ్రిని తప్పుపట్టడానికి నేను ఇది చెప్పట్లేదు, ఉద్యోగం అక్కడుంటే మనిషి అక్కడే ఉంటాడు. ఆయన ఇంట్లో ఉండే ఆ ఒక్క ఆదివారమే పాపకి ట్యూషన్ ఉంది చూశారా? నాకు ఉత్తరం రెండోసారి చదివితే గానీ కనపడలేదు.

ఇక సైకిల్. అమ్మా, ఇక్కడ మాత్రం మీదే తప్పు, మెత్తగా చెప్పడం నాకు రాదు. ఏడు వేల సైకిల్ కొన్నామన్నారు. పిల్ల సైకిల్ లేదని రాయలేదు కదా, "నన్ను అడక్కుండా" అని రాసింది. ఆ చిన్న సైకిల్ మీదే తొక్కడం నేర్చుకుని ఉంటుంది, మోకాళ్లు కొట్టుకుని ఉంటుంది, హ్యాండిల్‌కి ఏదో రిబ్బను కట్టుకుని ఉంటుంది. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి అది ఉండే చోటు ఖాళీ. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా అమ్మ నా లక్కపిడతలు మా పనిమనిషి కూతురికి ఇచ్చేసింది. ఆ పిల్లకి ఇవ్వడం మంచిదే, అడిగితే నేనే సగం ఇచ్చేదాన్ని, ఎక్కువ కూడా ఇచ్చేదాన్నేమో. అడగలేదు. అమ్మ పోయి పదకొండేళ్లయింది, ఆవిడ చేసిన మంచి పనులు వందసార్లు తలుచుకుంటాను, ఆ లక్కపిడతల కోపం మాత్రం అలాగే ఉంది.

ఇది నా ఒక్కదాని మొండితనం కాదనడానికి ఒక సాక్ష్యం. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో టోబియా ఫాటోరే, జాన్ మేసన్, ఎలిజబెత్ వాట్సన్ అనే ముగ్గురు ఎనిమిది నుంచి పదిహేనేళ్ల పిల్లలతో కూర్చుని, బాగుండటం అంటే మీ దృష్టిలో ఏమిటి అని మాట్లాడించారు, 2007లో అచ్చయింది. పిల్లల మాటల్లో మూడు సంగతులు మళ్లీ మళ్లీ వచ్చాయి. తమ సొంత విషయాల్లో తమ మాట కొంతైనా చెల్లడం, భయం లేకుండా ఉండటం, తాము మంచివాళ్లమే అని తమకి అనిపించడం. బాధపడటం కూడా బాగుండటంలో ఒక భాగమే అని ఆ పిల్లలు చెప్పారు, మా రేకులిల్లు పిల్లాడు వీళ్లకి చుట్టమే అనుకున్నాను చదివినప్పుడు. మాట చెల్లడం అంటే ఇంటి పెత్తనం పిల్ల చేతికి ఇచ్చెయ్యమని కాదు. ఐక్యరాజ్యసమితి 1989లో చేసిన బాలల హక్కుల ఒప్పందంలో 12వ అధికరణం ఉన్నది దీనికే, పిల్లలకి సంబంధించిన విషయాల్లో వాళ్ల అభిప్రాయం వినాలి, వయసునీ తెలివినీ బట్టి దానికి విలువ ఇవ్వాలి అంటుంది. మన రాయగడ, గజపతి జిల్లాలు పుట్టిన 1992లోనే మన దేశం కూడా దానికి ఒప్పుకుంది. ముప్పై ఏళ్లు దాటినా సైకిల్ దాకా రాలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు మరిది కొడుకు దగ్గర్నుంచి సైకిల్ వెనక్కి తేకండి, ఆ పిల్లాడి సంతోషం ఏం పాపం చేసింది. పాపతో, నిన్ను అడగాల్సింది, అడగలేదు, తప్పు మాదే అని ఒక్క మాట చెప్పండి. దాని వెనక "కానీ" తగిలించకండి. "కానీ నీకు కొత్తది కొన్నాం కదా" అంటే మొదటి సగం చెడిపోతుంది. ఇకమీదట తన వస్తువు గడప దాటేముందు అడగండి. ఒద్దంటే కాసేపు ఒద్దనే ఉండనివ్వండి. అడిగి, ఒద్దంటే కూడా ఇచ్చేస్తే అడగకపోవడమే నయం, మోసమైనా తప్పుతుంది.

బెంచీ అమ్మాయి విషయంలో మీరు చెయ్యాల్సింది దాదాపు ఏమీ లేదు. ఆ పిల్ల వాళ్లమ్మకి ఫోన్ చెయ్యకండి, టీచరుతో బెంచీ మార్పించకండి. పదేళ్ల పిల్లకి బెంచీలో పక్క పిల్ల మాట్లాడకపోతే రోజుకి ఆరేడు గంటల మౌనం అది, మనకి ఆఫీసులో ఒకరు మొహం తిప్పుకుంటేనే అన్నం సహించదు కదా. నేను ఏమైనా చెయ్యాలా, ఊరికే వింటే చాలా అని తననే అడగండి. ఎక్కువసార్లు వినమనే అంటారు. ఒడియాలో దుఃఖ సుఖ హేబా అంటారే, మనం కష్టసుఖాలు చెప్పుకోవడం అన్నట్టు, అదే చాలు. ఒకవేళ ఆ మౌనం వెనక ఎగతాళి, నలుగురు చేరి ఒకరిని ఏడిపించడం లాంటిది ఉందని బయటపడితే అప్పుడు బడికి వెళ్లండి, ఆలస్యం చెయ్యకండి.

ట్యూషన్. మంచికే అన్నారు, కాదనను. మిగతా రోజుల్లో ఎన్ని గంటలో మీరు రాయలేదు. మన ఊళ్లలో రజ పండగ మూడు రోజులు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా, పాప కూడా తన ఒడియా స్నేహితురాళ్లతో ఉయ్యాల ఊగే ఉంటుంది. భూమికే సెలవిచ్చి నాగలి దించకుండా ఉంటారు, ఆడపిల్లలకి పని చెప్పరు, ఊగుతారు, పిఠా తింటారు, ఇంకేమీ చెయ్యరు. మా బడిలో తెలుగు ఆడపిల్లలకి దసరా కంటే రజ ఇష్టం. ఎందుకే అంటే, ఆ మూడు రోజులు మమ్మల్ని ఎవరూ పిలవరు టీచర్ అన్నారు. పిలవకపోవడం! నీళ్లు తే, పుస్తకం తియ్యి, ఇది చెయ్యి, అలా కూర్చోకు, రోజంతా పిల్లని ఎన్నిసార్లు పిలుస్తామో ఒకరోజు లెక్కపెట్టండి. ఆదివారం ఖాళీ ఇస్తే ఏం చేస్తావే అని అడిగితే ఏమీ లేదు అంటుంది, ఆ ఏమీ లేదు కావాలి తనకి. దాంట్లో డ్రాయింగ్ క్లాసు పెట్టెయ్యకండి. ట్యూషన్ మాస్టారితో మాట్లాడి వారంలో ఇంకో రోజుకి మార్చగలరేమో చూడండి. కుదరకపోతే ఎందుకు కుదరదో పాపకి అంకెలతో సహా చెప్పండి, పదేళ్ల పిల్లకి కారణం చెబితే అర్థమవుతుంది. ఒప్పుకోకపోవచ్చు, అది తన ఇష్టం.

కౌన్సెలర్ గురించి అడిగారు. ఈ నాలుగు కారణాలు చూస్తే నాకు అవసరం కనపడట్లేదు, తన బాధ తనే విడదీసి పేరు పెట్టి రాయగలిగిన పిల్ల. అయితే రెండు మూడు వారాలుగా తిండి, నిద్ర మారిపోయినా, ఎప్పుడూ ఇష్టపడే ఆట కూడా మానేసినా, పొద్దున్నే బడి అనేసరికి రోజూ కడుపునొప్పి వస్తున్నా, ఫలానా మనిషి పేరు చెబితే బిగుసుకుపోతున్నా, బతకాలని లేదు లాంటి మాట ఒక్కసారి నోట వచ్చినా, అప్పుడు ఇంకేం ఆలోచించకుండా చూపించండి. మనసు బాధకి ఫోన్లో సాయం చేసే టెలి మానస్ 14416, పిల్లలకి ఆపద అనిపిస్తే 1098, రెండిటికీ డబ్బు పడదు.

ఇంకో పని మాత్రం చెయ్యొద్దు. ఇకనుంచి రోజూ రాత్రి, ఇవాళ పదికి ఎన్ని అని అడగడం మొదలుపెట్టకండి. వారం తిరిగేసరికి మీ మొహం చూసి పది వేస్తుంది, మీకు టెన్షన్ తగ్గుతుంది, పిల్ల కాగితాలు రాయడం మానేస్తుంది.

ఉత్తరం మూడోసారి చదివినప్పుడు నాకు తట్టింది ఇది. మీరు నాలుగు ఎందుకు పోయాయని అడిగారు. ఆరు ఎందుకు వేసిందో అడగలేదు. మీ ఆయనా అడగలేదు, బడివాళ్లూ అడిగినట్టు లేదు. ఆ ఆరులో ఏమేం ఉన్నాయో తెలుసుకోవాలని నాకే ఇక్కడ కూర్చుని ఆత్రంగా ఉంది. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడగకండి, పరీక్షలా ఉంటుంది. జడ వేసేటప్పుడు అడగండి, మొహాలు కనపడవు. లేదా ఒక ఆదివారం నౌపడా రైలెక్కి పర్లాకిమిడి దాకా రండి ముగ్గురూ, కిటికీ సీటు తనకిచ్చి, వంశధార కనిపించినంతసేపు ఊరుకుని తర్వాత అడగండి. మా చిన్నప్పటి చిన్న రైలైతే ఇంకా మెల్లిగా వెళ్లేది, కబుర్లకి బోలెడు టైమ్ ఉండేది, 2004లో పట్టాలు మార్చడానికి దాన్ని ఆపేశారు. ఆ ఆరులో ట్యాబు ఉండొచ్చు, ఉంటే చిన్నబుచ్చుకోకండి. మీరు కలలో కూడా అనుకోనిది ఇంకేదో కూడా ఉంటుంది.

ఇక అమ్మమ్మ దగ్గు. మీ ఉత్తరంలో ట్యూషన్‌కి ఒక వాక్యం, సైకిల్‌కి ఒక వాక్యం జవాబుగా రాశారు, దగ్గు గురించి ఏమీ రాయలేదు. పాప అదే గదిలో పడుకుంటుంది, చీకట్లో ఆ దగ్గు వింటూ ఎన్ని రాత్రులు లెక్కపెట్టిందో. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ ఉందేమో తేల్చుకోవడానికి కఫం పరీక్ష చేయించాలి, గవర్నమెంటు ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారు. భయపడాల్సిందే అయి ఉండక్కర్లేదు, కొన్ని రకాల బీపీ మాత్రలకి కూడా పొడి దగ్గు పట్టుకుని వదలదు, ఉబ్బసం కావచ్చు, పొగ కావచ్చు, ఆవిడ వేసుకునే మాత్రలన్నీ ఒక కవర్లో వేసి డాక్టరుకి చూపించండి. ఈ వారంలోనే వెళ్లండి, పాపకి చెప్పి వెళ్లండి, వచ్చాక ఏమన్నారో కూడా చెప్పండి. ఎన్నాళ్ల నుంచి దగ్గుతోంది, రాత్రుళ్లు ఎక్కువా పగలు ఎక్కువా అని డాక్టరు అడుగుతారు. మీకు సరిగ్గా తెలియకపోతే పాపని అడగండి, తేదీతో సహా తెలిసే ఉంటుంది.